హనుమాండ్ల గుడి ముందు బ్రేకు

సంహిత కారును వెనక నుంచి గుద్దినవాడు దిగి వచ్చి అడిగిన మొదటి మాట, "మెడ తిరుగుతున్నదా మేడం?"

బండి గుద్దినవాడు సిద్దిపేటలో మామూలుగా అడిగేవి రెండే. ఒకటి, "కండ్లు కనపడ్తలేవా?" రెండు, "నేనెవరో ఎరికేనా?" ఈ మూడో రకం ప్రశ్న విని సంహితకు అంత కోపంలోనూ అనుమానం వచ్చింది.

"మెడ సంగతి తర్వాత. ముందు మీ కండ్ల సంగతి చెప్పుండ్రి. గింత పెద్ద ఎల్ బోర్డు కనపడలేదా?"

"మేడం, మెడ గట్ల విసురుగ తిప్పకుండ్రి. నేను ఫిజియోథెరపిస్టును."

"ఓహో. పేషెంట్లను గిట్ల తయారు చేసుకుంటరా?"

చుట్టూ చేరిన నలుగురూ నవ్వారు. అతను నవ్వలేదు. సొట్టపడిన డిక్కీని చూశాడు, రోడ్డు పక్కనున్న హనుమాండ్ల గుడిని దొంగచూపు చూశాడు, చివరికి తన చెప్పులను చూసుకున్నాడు.

"తప్పు నాదే. పేరు కర్ణాకర్. ఖర్చంత నాది."

రోడ్డు మీద నిలబడి తప్పు నాదే అన్న మగవాణ్ణి సంహిత అంతవరకూ చూడలేదు. "డ్రైవింగ్ నేర్చుకునేది ఉంటే చెప్పేదాన్ని. కానీ మాది ఆడోళ్ళ స్కూలు" అనేసి వెళ్ళిపోయింది.

ఈ మెడ దెబ్బ ఎలాంటిదంటే, తగిలినప్పుడు తెలియదు. తెల్లారి తెలుస్తుంది, పెళ్ళయిన ఇంట్లో మర్నాడు అంట్లు చూసినట్టు. పొద్దున లేవబోతే తల దిండు మీదే ఉండిపోయింది. ఒళ్ళు మాత్రం లేచింది. ఆ రెంటికీ మధ్యలో ఎవరో మొల కొట్టినట్టు నొప్పి.

దవాఖానలో డాక్టరు ఎక్స్‌రే చూసి ఎముక బాగానే ఉందన్నాడు. వెనక నుంచి గుద్దినప్పుడు మెడ కొరడాలాగా వెనక్కీ ముందుకూ ఊగిందనీ, లోపలి కండరాలు బెణికాయనీ, దీన్ని విప్లాష్ అంటారనీ చెప్పి, మెడకు పట్టీ వేశాడు.

"కొన్ని రోజులే ఈ పట్టీ. తర్వాత ఫిజియోథెరపీ చేయించుకో అమ్మా. కర్ణాకర్ అని కొత్తగ క్లినిక్ పెట్టిండు. చెయ్యి మంచిది."

"చెయ్యి మంచిదేనేమో సార్," అంది సంహిత. "కాలు మాత్రం మంచిది కాదు. బ్రేకు మీదికి పోదు."

*

సిద్దిపేటలో ఆడవాళ్ళకు కారు నేర్పే స్కూలు పెడతానన్నప్పుడు సంహిత వాళ్ళమ్మ లక్ష్మీబాయి, "ముందుగాల పెండ్లి చేసుకో, తర్వాత ఏ బండన్న తోలుకో" అంది. సంహిత తల అటూ ఇటూ వాల్చింది.

మాట్లాడేది నోరని అనుకుంటాం కాని, మన దగ్గర సగం పని మెడదే. నిలువుగా ఊపితే అవును. అడ్డంగా ఊపితే కాదు. ఇలా అటూ ఇటూ వాలిస్తే మాత్రం, అవునూ కాదు, కాదూ కాదు, నీ పని నువ్వు చూసుకో అని. సంహిత ఇన్నాళ్ళూ పెళ్ళి సంబంధాలన్నిటినీ ఆ మూడో ఊపుతోనే నెట్టుకొచ్చింది. పట్టీ పడగానే ఆ దారి మూసుకుపోయింది. అడిగినదానికల్లా నోటితో జవాబు చెప్పాల్సిన ఖర్మ పట్టింది.

ఆ జవాబుల్లో మొదటిది భూపతి కాకకు చెప్పాల్సి వచ్చింది.

భూపతి ఆమె తండ్రికి తమ్ముడు. తండ్రి పోయాక ఆ ఇంటికి పెద్దదిక్కు. ఒక భూమి తగాదాలో ఏళ్ళ తరబడి కోర్టు చుట్టూ తిరిగి, కేసు ఓడిపోయి, ఆ అనుభవంతో ఊరందరికీ చట్టం చెప్పడం మొదలుపెట్టాడు.

"నువ్వు సక్కగ పోతున్నవ్. వాడు ఎన్కనుంచి వచ్చి గుద్దిండు. అంతేనా?"

అంతే కాదు. ఆ సాయంత్రం హనుమాండ్ల గుడి ముందుకు రాగానే, ఇవాళ మంగళవారమనీ, పొద్దున ఇద్దరు కొత్తగా చేరారనీ గుర్తొచ్చి సంహిత కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. అదీ నడిరోడ్డు మీద. ఇండికేటరు లేదు, పక్కకు తీయడం లేదు. రెండు చేతులూ జోడించి "స్వామీ" అంది. మొక్కు పూర్తికాకముందే వెనక నుంచి ధన్‌మని ప్రసాదం అందింది.

ఆమె స్కూల్లో మొదటి రోజు మొదటి పాఠం, "సడన్ బ్రేకు వెయ్యొద్దు."

ఈ సంగతి బయటపడితే ఆ స్కూలుకు ఎవరొస్తారు? కారు మీద బ్యాంకు లోను ఉంది. మెడ తిరగకుండా అద్దాలు చూడలేదు, అద్దాలు చూడకుండా పాఠం చెప్పలేదు. క్లాసులన్నీ ఆగిపోయాయి. నష్టపరిహారం వస్తేనే స్కూలు మళ్ళీ నిలబడేది.

"అంతేనా బిడ్డా?" మళ్ళీ అడిగాడు భూపతి.

"ఊ" అంది సంహిత.

ఆ "ఊ" వకీలు చేతిలో పడి పెద్ద పిటిషనయింది. ఇన్సూరెన్సు కంపెనీకి నోటీసు వెళ్ళింది. లోక్ అదాలత్‌లో రాజీకి కూర్చోమని కబురొచ్చింది.

*

క్లినిక్‌లో ఆమెను చూడగానే కర్ణాకర్ లేచి నిలబడ్డాడు.

"వేరే దగ్గరికి పోతనంటే నేనే ఫోన్ చేసి చెప్త మేడం."

"ఎందుకు? చెడగొట్టినోళ్ళే బాగుచెయ్యాలె."

పక్క మంచం మీద మోకాలికి కాపడం పెట్టించుకుంటున్న షమ్షున్నీసా ఖాలా తల ఎత్తింది. ఆమెకు గాజుల దుకాణం ఉంది. మోకాలి నొప్పి కన్నా పక్కవాళ్ళ సంగతులు తెలియకపోతేనే ఆమెకు ఎక్కువ బాధ.

"అరె బేటా, గీ పిల్లనేనా నువ్వు గుద్దింది?"

"అవును ఖాలా."

"మంచి పిల్లనే గుద్దినవ్" అని ఆమె మళ్ళీ పడుకుంది.

కర్ణాకర్ చెవులు ఎర్రబడ్డాయి. గొంతు సవరించుకుని పనిలోకి దిగాడు.

"గడ్డం లోపలికి గుంజుండ్రి. కిందికి కాదు, ఎన్కకు. పాసిపోయిన పప్పు ఎవరన్న ముక్కు కాడ పెడితే ఎట్ల జరుగుతరో, గట్ల."

"ఇట్లనా?"

"అబ్బ, పప్పు బాగ పాసిపోయినట్టుంది. గంత వద్దు. ఇప్పుడు నుదుటికి చెయ్యి అడ్డం పెట్టి తలతోని నెట్టుండ్రి. బలం పెట్టాలె, కానీ మెడ కదలొద్దు."

"మా భూపతి కాకతోని మాట్లాడినట్టే ఉన్నది. బలమంత పోతది, ఏం కదలదు."

ఈసారి అతను నవ్వాడు. నవ్వితే ఎడమ బుగ్గ మీద చిన్న సొట్ట పడింది. సొట్టలన్నీ ఒక రకం కావని సంహితకు అప్పుడే తెలిసింది. తన డిక్కీ మీద పడినదాన్ని చూస్తే ఏడుపొచ్చింది మరి.

రోజులు గడుస్తున్నకొద్దీ మెడ మాట వినడం మొదలుపెట్టింది. ముందు అడ్డంగా తిరగడం వచ్చింది. నిలువుగా వంచబోతేనే వెనక నరం పట్టేది.

"'కాదు' అనుడు వచ్చింది మీకు," అన్నాడు కర్ణాకర్. "'అవును' అనుడే ఇంకా వస్తలేదు."

"'కాదు' నాకు మీ క్లినిక్ పెట్టకముందు నుంచే వచ్చు."

"'అవును' కూడా వస్తది. కొంచెం ఓపిక పట్టాలె."

"ఎవరు, నేనా, మీరా?"

ఖాలా పక్క మంచం నుంచి, "ఇద్దరూ" అంది కళ్ళు మూసుకునే.

*

సంహిత మెడ తిరుగుతోందన్న వార్తకు బాధపడిన మనిషి ఒక్కడే, భూపతి. నేరుగా క్లినిక్‌కే వచ్చాడు.

"ఏం డాక్టరు సాబ్, మా పిల్ల మెడ గింత జల్ది తిరుగుతున్నదేంది?"

"మంచిదే గద కాకా?"

"ఎవలకు మంచిది? మీ ఇన్సూరెన్సోళ్ళకు మంచిది! నయమైనంక పైసలెందుకు అంటరు. నీ చాలాకి తెలివి నాకు తెల్వదా? కావాల్నని నయం చేస్తున్నవ్."

తన వృత్తిలో ఇలాంటి నింద ఒకటి ఉంటుందని కర్ణాకర్‌కు కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

"ఒక పని చెయ్," అన్నాడు భూపతి గొంతు తగ్గించి. "అదాలత్ దాక పట్టీ తియ్యనియ్యకు."

"అట్ల ఎట్ల కాకా? పట్టీకి అలవాటైతే మెడ సోమరిదైతది. నొప్పి కూడ పోదు. దవాఖాన కాయిదాలున్నయ్, ఎక్స్‌రే ఉన్నది, ఆగిపోయిన క్లాసులున్నయ్. పడ్డ నొప్పికి పరిహారం అడగాలె గని, దాచిపెట్టుకున్న నొప్పికి కాదు. ఆమెకు రావలసింది ఏదీ ఆపొద్దని మా ఇన్సూరెన్సు వకీలుకు నేనే చెప్పిన."

భూపతి తెల్లబోయి అన్నకూతురి వైపు తిరిగాడు. "వీడు మనోళ్ళ దిక్కా, వాళ్ళ దిక్కా?"

"నాకూ సమజయితలేదు కాకా" అంది సంహిత. మెడ తిరగడం వచ్చాక ఆమె చూపు కూడా కర్ణాకర్ వైపు ఎక్కువగానే తిరుగుతోంది. అది వ్యాయామంలో భాగం కాదు.

చివరికి కాక మాట తీసేయలేక, బయటికి వెళ్ళేటప్పుడు మాత్రం పట్టీ పెట్టుకోవడానికి ఒప్పుకుంది. వీధిలో పట్టీతో నడుస్తుంటే అందరూ "అయ్యో పాపం" అనేవారు. ఒక్కొక్క అయ్యో ఆమె మెడకు ఒక్కొక్క రాయి కట్టినట్టుండేది.

ఒక సాయంత్రం వ్యాయామం ముగిసేసరికి వాన పట్టుకుంది. వచ్చిపోయే వాన కాదు, కిరాయికి దిగే రకం. కరెంటు పోయింది. ఖాలాను మనవరాలు అర్షీన్ గొడుగులో తీసుకుపోయింది. వసారాలో ఇద్దరే మిగిలారు. చూరు నీళ్ళు ఇద్దరి చెప్పులనూ ఒకే మూలకు నెట్టాయి.

"ఆటో దొరుకుతదేమో చూస్త" అని కర్ణాకర్ గొడుగు తీశాడు.

"ఆటో ఎందుకు? మీ కారు లేదా?"

"ఇంటికాడ ఉన్నది."

"ఇంకా రిపేరు కాలేదా?"

"కారు అయింది. నేనే కాలే."

అతను గొడుగు తెరిచి, మళ్ళీ మూశాడు.

"స్టీరింగ్ పట్టుకుంటే చేతులు వణుకుతున్నయ్ మేడం. మీ మెడ యాదికొస్తది. ఇంకొంచెం జోరుగ వచ్చి ఉంటే ఏమయ్యేదో అనిపిస్తది. నడుచుకుంటనే వస్తున్న. నడిస్తే ఎవరినీ గుద్దం గద."

నవ్వించడానికే అన్నాడు. సంహితకు నవ్వు రాలేదు.

ఎంత భయస్తులనైనా ఆమె రోడ్డెక్కించింది. క్లచ్ తొక్కమంటే దేవుళ్ళందరినీ పిలిచే పెద్దమ్మల చేత కూడా బండి నడిపించింది. ఇక్కడ ఒక మంచి మనిషి చేతులు వణుకుతున్నాయి. వాటికి మందు తన నోట్లోనే ఉంది. "తప్పంతా నీది కాదు." ఒక్క మాట. కానీ ఆ మాట బయటికొస్తే కేసు పోతుంది, స్కూలు పేరు పోతుంది, భూపతి కాక ప్రాణం కూడా పోవచ్చు.

"కర్ణాకర్ గారూ..." అంది.

"చెప్పుండ్రి."

అటుగా ఒక ఆటో వచ్చింది. సంహిత ఎక్కి కూర్చుంది. ఇల్లు చేరేదాకా తనను తాను తిట్టుకుంది.

*

లోక్ అదాలత్ రోజు కోర్టు ఆవరణ పెళ్ళి పందిరిలా ఉంది. అదే హడావిడి, అవే కుర్చీలు. భోజనాలే లేవు. భూపతి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, సంహిత మెడ పట్టీని తానే ఒకసారి బిగించాడు.

"నువ్వేం మాట్లాడకు. అప్పుడప్పుడు అమ్మా అని మూల్గు. మిగతాది నేను చూసుకుంట."

బల్లకు అవతల జడ్జిగారు. పెద్దావిడ, కళ్ళద్దాల మీంచి చూసే రకం. ఒక పక్క ఇన్సూరెన్సు వకీలు, అతని వెనక కర్ణాకర్.

"బాబూ, మీరేమంటరు?" అడిగింది జడ్జి.

"అనేదేం లేదు మేడం. తప్పంత నాదే. ఆమెకు రావలసిందంత ఇప్పియ్యుండ్రి."

ఇన్సూరెన్సు వకీలు తన పక్షం మనిషిని, పాలలో పడిన ఈగను చూసినట్టు చూశాడు. భూపతి ముఖం మతాబాలా వెలిగింది.

జడ్జి సంహిత వైపు తిరిగింది. "అమ్మా, మీరు తిన్నగా పోతుంటే ఎన్క నుంచి వచ్చి గుద్దిండు. అంతేనా?"

మామూలు రోజైతే సంహిత తల అటూ ఇటూ వాల్చి ఊరుకునేది. పట్టీ అడ్డమొచ్చింది. "ఊ" అనడానికి నోరు తెరిచింది. ఎదురుగా కర్ణాకర్ చేతులు కనిపించాయి. ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి, వణుకు కనబడకుండా.

చర్రుమని చప్పుడైంది. సంహిత పట్టీ పీకి బల్ల మీద పెట్టింది.

"అంతే కాదు మేడం. నేను నడిరోడ్డు మీద సడన్ బ్రేకు వేసిన. ఇండికేటర్ కూడ వెయ్యలే."

"బిడ్డా!" అన్నాడు భూపతి. ఈసారి మూలుగు ఆయనదే.

జడ్జి పెన్ను ఆపింది. "ఎందుకు వేసిన్రు? ఏమన్న అడ్డమొచ్చిందా?"

"హనుమాండ్ల గుడొచ్చింది మేడం. దండం పెట్టుకున్న."

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. కర్ణాకర్ నవ్వలేదు. నోరు తెరుచుకుని సంహితనే చూస్తున్నాడు.

"మీరు బ్రేకు వేసిన్రా?"

"వేసిన. మీకు కనపడలేదా?"

"లేదు."

"ఎందుకు కనపడలేదు? ముందే ఉన్న గద."

"కండ్లు మూసుకున్న."

"నడిపేటప్పుడా? ఎందుకు?"

అతను జడ్జి వైపు తిరిగి, మాట నమిలి మింగి, చివరికి కక్కాడు. "నేను కూడ దండం పెట్టుకుంటున్న మేడం. క్లినిక్ మంచిగ నడవాలని. మా అమ్మ ఆ గుడి దాటినప్పుడల్ల మొక్కమన్నది."

హాలంతా ఘొల్లుమంది. జడ్జి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. అద్దాలకు తుడవాల్సినంత మురికేమీ లేదు.

"మొక్కు వెంటనే తీరింది గద బాబూ, పేషెంటు దొరికింది" అని ఆవిడ మళ్ళీ అద్దాలు పెట్టుకుంది. "హనుమంతుణ్ణి ఈ కేసుల పార్టీగ చేర్చలేం. కాబట్టి తప్పు మీరిద్దరే పంచుకోవాలె."

పంచారు. వైద్యం ఖర్చు, కారు మరమ్మతు కంపెనీ ఇస్తుంది. ఆగిన క్లాసుల నష్టం అడిగినదాంట్లో సగానికి కోశారు. ఇన్సూరెన్సు వకీలు సంతోషంగా సంతకం పెట్టాడు. భూపతి బయటికొచ్చి చెట్టు కింద కూలబడ్డాడు.

"నా భూమి కేసు పోయినప్పుడు కూడ గింత బాధ కాలే" అన్నాడు. కాసేపయ్యాక, "మీ బాపు కూడ గింతే. అబద్ధమాడు అంటే ఆడకపోతుండె" అని ఆమె తల నిమిరి, చాయ్ తాగడానికి పోయాడు.

కర్ణాకర్ మెట్ల దగ్గర ఆగాడు.

"ఎందుకు చెప్పిన్రు? మీకే నష్టం గద."

"నడుచుకుంట పోయే డ్రైవర్‌ను చూస్తే నాకు నచ్చదు" అంది సంహిత.

*

ఆ సంగతి సంహిత కన్నా ముందే ఇల్లు చేరింది. చేరతామన్న ఇద్దరు మానేశారు. ఎదురింటావిడ, "ఏం సంహితా, గుడి ముందు ఏ గేరు వెయ్యాలె?" అని పలకరించింది. స్కూలు మూతపడటమే తరువాయి అనుకుంటుంటే, షమ్షున్నీసా ఖాలా అర్షీన్‌ను వెంటబెట్టుకుని దిగింది.

"నేర్పు బేటీ దీనికి. సడన్ బ్రేకు వేస్తే ఏమైతదో నీ కన్న మంచిగ ఇంకెవలకు తెలుసు?"

అది నిందో మెచ్చుకోలో తేల్చుకునేలోపు అర్షీన్ స్నేహితురాళ్ళు కూడా వచ్చారు. వాళ్ళ వెనకే ఒక ఆదివారం పొద్దున, మడత నలగని చీరలో ఒక పెద్దమ్మ వచ్చింది. ఆమె వెనక, కారు నెమ్మదిగా ఆపి దిగుతూ కర్ణాకర్.

"నా పేరు ప్రమీలాదేవి. వీని అమ్మను. వీడు మళ్ళ బండి ముట్టుకున్నడు గని, రెండో గేరు దాటుతలేడు. వీనితోని పోతే పొద్దుగూకినంక చేరుతం, అప్పటికి గుడి మూస్తరు. అందుకే నేనే నేర్చుకుంట."

"రాండ్రి ఆంటీ. ఇయ్యాల్నే మొదలుపెడదాం."

"వీడు ఎన్క సీట్ల కూసుంటడు. నాకు ధైర్యానికి."

ఎవరి ధైర్యానికో లక్ష్మీబాయికి గుమ్మంలోంచే అర్థమైంది. పరుగున పోయి పాలు పొయ్యి మీద పెట్టింది.

ప్రమీలాదేవి స్టీరింగును పిండిగిన్నెలా గట్టిగా పట్టుకుంది. కారు ఆగుతూ, ఎగురుతూ మెయిన్ రోడ్డెక్కింది. పక్క సీటు కింద సంహితకు ఇంకో బ్రేకుంది కాని, దాని మీద కాలు పెట్టాల్సిన అవసరం ఎక్కువగా రాలేదు. హనుమాండ్ల గుడి కనబడగానే పెద్దమ్మ చేయి స్టీరింగు వదిలి పైకి లేవబోయింది.

"ఆగుండ్రి ఆంటీ! మా స్కూల్ల కొత్త రూలు. ముందుగాల ఇండికేటర్. అద్దంల చూడుండ్రి. మెల్లగ పక్కకు తియ్యుండ్రి. బ్రేకు. హ్యాండ్ బ్రేకు. ఆ... ఇప్పుడు పెట్టుకోండ్రి దండం."

ప్రమీలాదేవి రెండు చేతులూ జోడించి, కళ్ళు గట్టిగా మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి. సన్నగా చినుకులు మొదలయ్యాయి.

అద్దంలో కర్ణాకర్ కళ్ళు తెరుచుకునే ఉన్నాయి.

"మీరు మొక్కరా?" గుసగుసగా అడిగింది సంహిత.

"ఈ గుడి ముందల ఇంకోసారి కండ్లు మూసుకోను. మొదటిసారి మూసుకుంటే మీరు దొరికిన్రు. మళ్ళ మూసుకుంటే పోతరేమో."

అద్దంలో ఆమె చూపు పక్కకు జరిగింది.

"సంహితా, ఆ మూడో గేరు నాకు మీరే నేర్పాలె."

"మాది ఆడోళ్ళ స్కూలని మొదటి రోజే చెప్పిన."

"మగోళ్ళకు అసలే చెప్పరా?"

"బయటోళ్ళకు చెప్ప. ఇంట్లోళ్ళకైతే చెప్త."

వైపర్ ఒకసారి అటూ ఇటూ తిరిగింది.

"మరి నేను ఇంట్లోణ్ణి కావచ్చునా?"

సంహిత వెనక్కి తిరిగింది. భుజం మీదుగా పూర్తిగా, ఎక్కడా నరం పట్టకుండా. అటూ ఇటూ వాల్చలేదు. నిలువుగా, గడ్డం గుండెకు ఆనేదాకా వంచి, ఎత్తింది. అతను వైద్యుడు కాబట్టి ఆ కదలికలో లోపమేమీ లేదని చూశాడు. ఇంకా ఏదో చూశాడు కాబట్టి బుగ్గ మీద సొట్ట పడింది.

"అయిందా మీది?" అంది ప్రమీలాదేవి, చేతులు జోడించే, కళ్ళు తెరవకుండా. "ఎంతసేపని మూసుకోవాలె ఈ కండ్లు? దేవుడు కూడ అటు తిరిగిండు."

సంహిత ముఖం ముందుకు తిప్పుకుని, గొంతు సవరించుకుంది.

"అయింది అత్తమ్మా. ఇండికేటర్ వేసి, అద్దంల చూసి, పోనియ్యుండ్రి."